తాబేలు పిల్ల ఇంటికి రాకముందే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు శ్రీకాకుళం పట్టణంలో, నాగావళి గట్టుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఆరేళ్లుగా మా ఇంట్లో ఆఫ్రికా జాతి నేల తాబేలు ఒకటి పెరుగుతోంది. వచ్చిన రోజు అది సగం కొబ్బరి చిప్ప కింద పట్టేది. ఇప్పుడు పెరట్లో తిరుగుతూ, అందినంత మేర మందార కొమ్మల మీద ఆకు మిగల్చదు. దాన్ని చూసిన చుట్టాలు, ఇరుగుపొరుగు, వాళ్ల ద్వారా తెలిసినవాళ్లు తమకూ ఒక పిల్ల కావాలని ఫోను చేస్తుంటారు. అందరి మొదటి ప్రశ్న ఒకటే: “దానికి ఏం పెట్టాలి?”

తిండి సంగతి తర్వాత చూద్దాం. ఇళ్లలో తాబేలు పిల్లలు ఆకలితో చనిపోవడం అరుదు. ఒళ్లు ఎండిపోయి, చలి తగిలి, ఎముక గట్టిపడక పోతాయి. ఈ మూడింటికీ కావలసిన ఏర్పాటు పిల్ల గడప దాటి లోపలికి రాకముందే ఇంట్లో ఉండాలి.

శ్రీకూర్మంలో ఉన్నలాంటి నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోవచ్చా?

పెంచకూడదు. మన జిల్లాలో ఈ కోరిక ఎక్కువ, దానికి కారణమూ ఉంది. కూర్మావతారానికి గుడి ఉన్న నేల మనది. శ్రీకూర్మనాథుడి దర్శనానికి వెళ్లినవాళ్లు అక్కడి తాబేళ్ల దగ్గర కాసేపు నిలబడకుండా రారు. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకున్న ఆ జీవి ఎవరికైనా నచ్చుతుంది. కానీ అది అడవి జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది. 2022లో చేసిన సవరణతో, పులి ఉన్న మొదటి షెడ్యూలులోకే నక్షత్ర తాబేలూ చేరింది. పట్టుకున్నా, కొన్నా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

చెరువుల్లో, పొలం కాలువల్లో దొరికే మన నీటి తాబేళ్ల సంగతీ అంతే. ఇంట్లో తాబేలు ఉంటే కలిసొస్తుందని, ఇరవై గోళ్లున్న తాబేలైతే మరీ మంచిదని ఎవరో చెబితే నమ్మి డబ్బు పోసేవాళ్లున్నారు. ఆ నమ్మకం వల్లే ఈ మూగజీవాలను గోనెసంచుల్లో కుక్కి తరలిస్తున్నారు. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే పిల్లలైతే అసలు నేల మీద బతికేవే కావు, అవి సముద్రానివి. వీటిలో ఏది మీ కంటపడినా, గాయపడి ఉన్నా, ఇంటికి తేకుండా అటవీ శాఖకు చెప్పండి.

మరి చట్టం ఒప్పుకునే తాబేలు ఏది?

మా ఇంట్లో ఉన్నది సల్కాటా. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం దాని పుట్టిల్లు. మన దేశంలో పెంపకందారుల దగ్గర పుట్టిన పిల్లలు దొరుకుతాయి. కింది సమాధానాలన్నీ ఈ జాతి గురించే. వేరే జాతికి వేరే తిండి, వేరే వాతావరణం కావాలి. ఉదాహరణకు దక్షిణ అమెరికా అడవుల ఎర్రకాళ్ల తాబేలు పండ్లు, పుట్టగొడుగులు కూడా తింటుంది, సల్కాటాకు అవి పడవు.

సల్కాటా వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్యంపై దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జీవి కాబట్టి నమోదు తప్పనిసరి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఇందుకోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు వివరాలు అందజేయాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా మళ్లీ తెలియజేయాలి. ఆ నిబంధనలు వచ్చినప్పుడు నేనూ నమోదు చేయించాను. అమ్మే మనిషి “కాగితాలు తర్వాత చూసుకుందాం” అన్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ముందు బిల్లు, అతని నమోదు వివరాలు చూడండి, తర్వాతే పిల్లను చూడండి. పిల్లను చూశాక మనసు ఆగదు.

ఎంత పెద్దదవుతుంది?

ఇది అడగకుండానే కొనేవాళ్లు ఎక్కువ. గుడ్డులోంచి వచ్చినప్పుడు రెండు అంగుళాలు, ముప్పై నలభై గ్రాములు. పూర్తిగా పెరిగాక నలభై యాభై కిలోలు మామూలు, మగవి అంతకన్నా పెరుగుతాయి. డెబ్బై ఏళ్లకు పైగా బతకగలదు. ముందు కాళ్లతో పారలా మట్టి తోడి బొరియ చేసుకుంటుంది. ఇంట్లో పెంచడమన్నది మొదటి రెండు మూడేళ్ల మాట, తర్వాత దానికి పెరడు కావాలి, గట్టి ప్రహరీ కావాలి. ఫ్లాట్‌లో ఉంటూ సొంత స్థలం వచ్చే ఆశ లేనివాళ్లను వద్దనే అంటాను. నలభై ఏళ్ల మనిషి కొంటే, తన తర్వాత దాన్ని ఎవరు చూస్తారో కూడా అప్పుడే ఇంట్లో మాట్లాడుకోవాలి. మా అబ్బాయిని అడిగి, వాడు సరేనన్నాకే నేను తెచ్చాను.

పిల్లను ఎలా ఎంచుకోవాలి?

మీ కళ్ల ముందు తినాలి. కళ్లు పూర్తిగా తెరుచుకుని మెరుస్తుండాలి. ముక్కు పొడిగా, బుడగలు లేకుండా ఉండాలి. చేతిలోకి తీసుకుంటే కాళ్లతో గట్టిగా తన్నాలి, సైజుకు మించి బరువుగా తోచాలి. అడుగు చిప్ప మధ్యలో బొడ్డు మచ్చ మూసుకుపోయి ఉండాలి. అక్కడ ఇంకా పచ్చసొన సంచి కనిపిస్తుంటే ఆ పిల్ల ప్రయాణానికి సిద్ధంగా లేనట్టే. పైచిప్ప నొక్కితే కొద్దిగా వంగడం చిన్న పిల్లల్లో సహజం, దానికి భయపడవద్దు. రెండు మూడు నెలల వయసు వరకు పెంపకందారు దగ్గరే ఉంచి, ఆ తర్వాత తెచ్చుకోవడం నాకు తెలిసి అన్నిటికన్నా మంచి పద్ధతి. ఆ నెలల్లోనే మన ఏర్పాట్లూ పూర్తవుతాయి.

తొట్టి ఎంత ఉండాలి, ఎక్కడ పెట్టాలి?

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే మొదటి ఏడాది గడుస్తుంది. చెక్కపెట్టె చేయించుకోవచ్చు, పెద్ద ప్లాస్టిక్ తొట్టి వాడుకోవచ్చు. గోడలు అవతలికి కనిపించేలా ఉండకూడదు. అక్వేరియం గాజుతొట్టిలో వేస్తే, గాజు అన్నది దానికి అర్థం కాదు, దారి ఉందనుకుని రోజంతా ముక్కు రాపాడిస్తూ అంచు వెంట నడుస్తూనే ఉంటుంది. పైన సగానికి పైగా మూత వేస్తే వేడి, తేమ నిలుస్తాయి.

వంటగదిలో వద్దు. పూజగదిలోనూ వద్దు. అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం పొగ దాని ఊపిరితిత్తులకు పడదు. దోమల చక్రం వెలిగించే గదిలోనూ ఉంచకండి. కిటికీ పక్కన నేరుగా ఎండ పడే చోట పెడితే మధ్యాహ్నానికి తొట్టి ఉడికిపోతుంది. ఫ్యాను గాలి తిన్నగా తగలకూడదు, ఏసీ గది అసలు పనికిరాదు.

చీమల బెడద మన ఇళ్లలో తెలిసిందే. తొట్టిని బల్ల మీద పెట్టి, బల్ల కాళ్లు నాలుగింటినీ నీళ్లు పోసిన పళ్లాల్లో ఉంచండి. బెల్లం డబ్బాకు మన పెద్దవాళ్లు చేసే ఏర్పాటే ఇది. చీమలు నిద్రలో ఉన్న పిల్ల కళ్లను కొరికేస్తాయి. ఎలుకలు, పిల్లి రాకుండా పైన ఇనుప జాలీ ఉండాలి.

అడుగున ఏం పరచాలి?

కొబ్బరి పీచు పొట్టు. ఉద్దానం కొబ్బరి తోటలున్న జిల్లాలో దీనికి కరువు లేదు. ఒక్క జాగ్రత్త: పీచు ఉప్పునీటిలో నానినదైతే పొట్టులో ఉప్పు ఉంటుంది. బకెట్టులో వేసి నీళ్లు పోసి, పిండి పారబోసి, ఇలా రెండు మూడు సార్లు కడగాలి. ఆఖరి నీళ్లు తేటగా వచ్చాక, చేత్తో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడితో మూడంగుళాల మందాన పరవండి.

ఇసుక వద్దు, ఆకుతో పాటు కడుపులోకి వెళ్లి పేగుల్లో పేరుకుంటుంది. వార్తాపత్రిక వద్దు, కాళ్లు జారి తొడలు పక్కలకు విచ్చుకుంటాయి. రంపపు పొట్టు దుమ్ము లేస్తుంది.

దాక్కోవడానికి చోటు తప్పనిసరి. పగిలిన మట్టికుండలో సగభాగం బోర్లించి పెట్టండి, మొదటి వారాల్లో పెద్ద కొబ్బరి చిప్పకు గుమ్మం కోసినా చాలు. దాని కింద పొట్టు మిగతా చోటికన్నా తడిగా ఉంచండి. నీళ్లకు కుండీల కింద పెట్టే మట్టి పళ్లెం చాలు, లోతు పిల్ల గడ్డం దాటకూడదు. నేల తాబేలుకు ఈత రాదు. అరచేతి లోతు నీళ్లలో వెల్లకిలా పడినా మునిగిపోతుంది.

ఎడారి జంతువు కదా, దానికి తేమ ఎందుకు?

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మా పిల్ల వచ్చినప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. పొడి మట్టి పరిచాను, ఉక్కపోస్తుందేమోనని రోజంతా ఫ్యాను వేశాను, నీళ్లు వారానికి ఒకసారి చూపించాను. అమ్మినతను కూడా అలాగే చెప్పాడు. మూడు వారాలకు పిల్ల బరువు పెరగలేదు. ఒకరోజు తొట్టి శుభ్రం చేస్తుంటే తెల్లటి ముద్ద కనిపించింది. వేళ్ల మధ్య నలిపితే సుద్దముక్కలా గరుకుగా, ఇసుక తగిలినట్టుంది. అది తాబేటి మూత్రంలోని తెల్లటి పదార్థం. ఒంట్లో నీరు సరిపడా ఉంటే మీగడలా మెత్తగా వస్తుంది. గరుకుగా వచ్చిందంటే లోపల ఎండిపోతోందని అర్థం. అలాగే వదిలేస్తే మూత్రాశయంలో రాయి కడుతుంది.

సాహెల్‌లో పెద్ద ఎండలు కాసే మాట నిజం. కానీ అక్కడి తాబేలు ఆ ఎండలో కూర్చోదు. లోతైన బొరియలో ఉంటుంది. బొరియలో మట్టి చల్లగా, గాలి తేమగా ఉంటుంది. పిల్లలైతే పదునైన మట్టిలో, గడ్డి మొదళ్లలో దూరి బతుకుతాయి. మనం ఇంట్లో పెట్టాల్సింది ఎడారిని కాదు, ఆ బొరియను. తేమ తక్కువైతే చిప్ప మీది పలకలు ఒక్కొక్కటి గోపురంలా పైకి లేస్తాయి. అది ఎక్కువ తిండి వల్ల వస్తుందని చాలాకాలం అనుకునేవారు, చిన్న వయసులో గాలి పొడిగా ఉండటమే ముఖ్య కారణమని ఇప్పుడు తెలుసు. ఒకసారి లేచిన గోపురం మళ్లీ దిగదు. మా తాబేటి చిప్ప మీద వీపు భాగాన రెండు పలకలు ఇప్పటికీ కాస్త ఎత్తుగా ఉంటాయి. చెయ్యి వేసినప్పుడల్లా ఆ మూడు వారాలు గుర్తొస్తాయి.

తొట్టిలో తేమ 80 శాతం దగ్గర ఉంచండి. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొనండి. మన కోస్తా గాలిలో ఏడాదిలో ఎక్కువ నెలలు తేమ దానంతటదే ఉంటుంది, ఇది మనకు కలిసొచ్చిన సంగతి. సంక్రాంతి ముందు వెనకల గాలి పొడిబారుతుంది, అప్పుడు గోరువెచ్చని నీళ్లు పొట్టు మీద చల్లి కలియబెట్టాలి. ఒక్క నియమం మరవకండి: తడి ఉన్నచోట చలి ఉండకూడదు. తడి, వెచ్చదనం కలిస్తే ఆరోగ్యం. తడి, చలి కలిస్తే రొంప, ఆపైన ఊపిరితిత్తుల జబ్బు.

రోజూ స్నానం చేయించాలా?

మొదటి ఏడాది రోజూ. పొద్దున వెడల్పాటి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు, పై చిప్ప, అడుగు చిప్ప కలిసే గీత వరకు పోయండి. పిల్లను మెల్లగా దించి ఇరవై నిమిషాలు ఉంచండి, దగ్గరే కూర్చోండి. కాసేపు గోడలు పట్టుకు తిరుగుతుంది. తర్వాత ఆగి, మెడ బారుగా చాచి, ముక్కు పూర్తిగా నీళ్లలో ముంచుతుంది. గొంతు కింద చర్మం లేచిపడుతుంటుంది. అది నీళ్లు తాగడం. మొదటిసారి చూసినప్పుడు మునిగిపోతోందేమోనని నేను ఎత్తేశాను, అలా చేయకండి. ఎక్కువసార్లు విసర్జన కూడా ఆ నీళ్లలోనే చేస్తుంది, తొట్టి శుభ్రంగా ఉంటుంది.

మన ఊళ్లో ఎండలు మండిపోతుంటే వేడి బల్బు దేనికి?

వేసవిలో పగలు అవసరం ఉండకపోవచ్చు. సమస్య వానాకాలపు ముసురుతో, శీతాకాలపు రాత్రులతో. మనకు దుప్పటి చాలిన చలి ఈ పిల్లకు ప్రమాదం. సల్కాటా శీతనిద్ర పోదు, చల్లబడితే తిండి అరగక కడుపులోనే కుళ్లుతుంది.

తొట్టిలో ఒక మూల ఎండ కాచుకునే చోటు కావాలి, అక్కడ 35 నుంచి 38 డిగ్రీలు. మిగతా చోట 27 నుంచి 32. రాత్రి ఎక్కడా 26కు దిగకూడదు. పగలు వెలుగిచ్చే వేడి బల్బు, రాత్రికి వెలుగులేని సెరామిక్ హీటరు పెట్టండి. ఎర్ర బల్బులు రాత్రంతా వెలిగిస్తే నిద్ర చెడుతుంది. సెరామిక్ హీటరుకు పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్ హోల్డరు కరిగి నిప్పంటుకుంటుంది. హీటరును వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌కు కలిపి, ఆ థర్మోస్టాట్ వేడి కొలిచే తీగ కొనను పిల్ల వీపు ఎత్తున కట్టండి. వేడి పై నుంచే రావాలి, అడుగున హీటింగ్ ప్యాడు పెడితే కడుపు కాలినా దానికి తెలియదు.

ఏప్రిల్, మే నెలల్లో గది వేడి 38 దాటితే అన్నీ ఆపేసి, మట్టికుండ మీద తడిబట్ట కప్పండి.

కిటికీలోంచి ఎండ పడుతోంది కదా, యూవీబీ ట్యూబు ఎందుకు?

మామూలు కిటికీ అద్దం వెలుగును, వేడిని రానిస్తుంది గానీ ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఆ కిరణాలు ఒంటికి తగిలితేనే విటమిన్ డి తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకు చేరుతుంది. లేకపోతే చిప్ప మెత్తబడి, దవడ వంగి, కాళ్లు మోయలేక పిల్ల కడుపు మీద పాకుతుంది. అరసవల్లి సూర్యనారాయణుడి పక్కన ఉన్నవాళ్లం. “ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్” అన్న మాట తాబేలు విషయంలో అక్షరాలా నిజం.

పొడవాటి టీ5 ట్యూబు తీసుకోండి, మెలికల బల్బు వద్దు. ఎంత ఎత్తున కట్టాలో తయారీదారు పెట్టె మీద ఇస్తారు. రోజుకు పన్నెండు గంటలు. వెలుగు బాగానే ఉన్నా ఏడాది తిరిగేసరికి ట్యూబు మార్చేయాలి, ఎందుకంటే కంటికి కనిపించని ఆ కిరణాలు ముందే తగ్గిపోతాయి. కొన్న తేదీ ట్యూబు మీదే పెన్నుతో రాసిపెట్టుకోండి.

అసలు ఎండకు మించింది లేదు. పొద్దున ఎనిమిదింటికి, సగం నీడ ఉన్న టబ్బులో పెరట్లో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచండి. పక్కన మనిషి ఉండాలి. ఫోను వచ్చిందని లోపలికి వెళ్లి వచ్చేలోగా కాకి ఎత్తుకుపోతుంది.

తుఫాను వచ్చి కరెంటు పోతే?

మన ప్రాంతంలో ఇది తప్పక వేసుకోవాల్సిన ప్రశ్న. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో మా బంధువుల ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి నా దగ్గర తాబేలు లేదు గానీ, తెచ్చుకునేటప్పుడు ముందు ఆలోచించింది ఆ రోజుల గురించే.

మూతబిగిసే థర్మోకోల్ పెట్టె ఒకటి కొని, గాలికి చిన్న చిల్లులు పెట్టి అటక మీద ఉంచుకోండి. కరెంటు పోయినప్పుడు గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి, తువ్వాలు చుట్టి, పిల్లతో పాటు ఆ పెట్టెలో పెట్టండి. పిల్ల సీసాకు దూరంగా జరిగేంత ఖాళీ ఉండాలి. మూడు నాలుగు గంటలకోసారి నీళ్లు మార్చాలి. అలా ఉన్నన్నాళ్లూ తిండి పెట్టకండి, ఒకటి రెండు రోజుల ఆకలిని అది తేలిగ్గా తట్టుకుంటుంది. ఇన్వర్టరు ఉన్నవాళ్లు సెరామిక్ హీటరును దానికి కలుపుకోవచ్చో లేదో ఎలక్ట్రీషియన్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు చెప్పండి, ఏం పెట్టాలి?

గడ్డి, ఆకులు. సల్కాటా గొర్రెలా మేసే జంతువు. వినాయకుడికి పెట్టే గరిక దీనికీ ముఖ్యమైన ఆహారం, పిల్లకు కత్తెరతో సన్నగా కత్తిరించి పెట్టాలి. మందార ఆకులు, పువ్వులు ఎంతో ఇష్టం. మల్బరీ ఆకు, గుమ్మడి ఆకు, చిలగడదుంప తీగ ఆకు, కొద్దిగా మునగాకు మార్చి మార్చి పెట్టండి. నాగజెముడు మట్టను మంట మీద కాల్చి, సన్న ముళ్లు కూడా లేకుండా గీకి పెడితే నీరూ, పీచూ రెండూ దొరుకుతాయి.

పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర మనకు రోజువారీ కూరలు. వీటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంను పట్టేస్తుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి తప్ప వద్దు. పండ్లు వద్దు. అన్నం, ఇడ్లీ, పాలు, బిస్కెట్లు, ప్రసాదం ఏవీ వద్దు. మా అత్తయ్య ప్రేమ కొద్దీ అరటిపండు ముక్క పెట్టేది. రెండు రోజులు విరేచనాలు అయ్యాక ఆమే మానేసింది, ఇప్పుడు ఆమె చేత్తో మందార పువ్వు ఇస్తే తాబేలు పరుగున వస్తుంది.

గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు విషం. మనీ ప్లాంట్ ఆకు కూడా నోట్లో పడకూడదు. లేత జొన్న మేత తిని పశువులు పోవడం రైతులకు తెలుసు, తాబేలుకూ పెట్టకండి. పొలం గట్ల మీద గడ్డి కోసేముందు అక్కడ గడ్డి మందు కొట్టారేమో అడగండి. అన్నిటికన్నా నమ్మకమైనది మీ కుండీల్లో మీరు పెంచిన ఆకు. రెండు మందార మొక్కలు, ఒక కుండీ గరిక, పిల్ల రావడానికి రెండు నెలల ముందే నాటండి.

కాల్షియం కోసం తమలపాకు సున్నం పెట్టవచ్చా?

వద్దు. తడి సున్నం నోటిని, గొంతును కాల్చేస్తుంది. నాటు మందుల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు ముక్క, అంటే కటిల్‌ఫిష్ ఎముక, కొనండి. మన తీరంలో అలలకు కొట్టుకువచ్చేది కూడా అదే. నాలుగు రోజులు మంచినీళ్లు మారుస్తూ నానబెట్టి, ఎండబెట్టి, తొట్టిలో పడేస్తే కావలసినప్పుడు కొరుక్కుంటుంది. వారానికి రెండు మూడు సార్లు ఆకుల మీద భాస్వరం కలవని కాల్షియం కార్బోనేట్ పొడి చిటికెడు చల్లండి.

చిప్పకు నూనె రాయవచ్చా? పసుపు కుంకుమ పెట్టవచ్చా?

రెండూ వద్దు. చిప్ప కట్టె కాదు, దాని కింద ప్రాణమున్న ఎముక ఉంది. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. కుంకుమలో రంగులు కలుస్తాయి, కళ్లలో పడతాయి. కూర్మనాథుడి మీద భక్తితోనే చేస్తారని తెలుసు, మా వీధిలో ఒక పెద్దావిడ శనివారం శనివారం వచ్చి దండం పెట్టుకుంటారు. పువ్వు తెచ్చి ముందు పెట్టండని చెప్పాను. ఆవిడ పెట్టిన పువ్వును అది తింటుంటే చూసి ఎంతో సంతోషించారు.

ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకోదా? రెండు తెస్తే?

పెట్టుకోదు. రెంటిని కలిపి ఉంచితే ఒకటి తిండిని, వెచ్చని మూలను ఆక్రమిస్తుంది. రెండోది కొట్లాడకుండానే చిక్కిపోతుంది. ఒకదాని మీదికి ఒకటి ఎక్కి పడుకుంటే ప్రేమ అనుకుంటాం, అది చోటు కోసం పోటీ.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇబ్బందా?

తాబేళ్ల ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. తాబేటికి ఏమీ కాదు, పిల్లలకు విరేచనాలు, జ్వరం వస్తాయి. అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేలు పిల్లల అమ్మకాన్ని నిషేధించింది ఇందుకే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దాని బేసిన్, పళ్లెం వంటింటి సింకులో కడగకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలు చూడాలి తప్ప పట్టుకోకూడదు. పెద్ద పిల్లలైనా నేల మీద కూర్చునే ఎత్తాలి. నడుము ఎత్తు నుంచి జారినా చిప్ప పగులుతుంది.

జబ్బు చేసిందని ఎలా తెలుస్తుంది? ఎవరికి చూపించాలి?

వంటింటి డిజిటల్ తూకం లాంటిది దీనికంటూ వేరుగా ఒకటి కొని, వారానికోసారి స్నానానికి ముందు తూచి పుస్తకంలో రాయండి. బరువు రెండు వారాలు వరుసగా తగ్గితే, ఇంకే లక్షణం లేకపోయినా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ముక్కు కారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, కళ్లు వాచి మూసుకుపోవడం కనిపిస్తే ఆ రోజే వెళ్లండి. ఆవులు, మేకలు చూసే వైద్యులందరికీ తాబేలు అలవాటు ఉండదు. అందుకే పిల్లను తేకముందే సరీసృపాలు చూసే డాక్టరు ఎవరో కనుక్కోండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడిగి తెలుసుకోవచ్చు. మనుషుల రొంప మాత్ర, విటమిన్ ఇంజక్షన్ సొంతంగా ఇవ్వకండి.

ఇవన్నీ కొన్నాక వెంటనే పిల్లను తెచ్చుకోవచ్చా?

ఒక వారం ఆగండి. ఖాళీ తొట్టిలో అన్నీ వెలిగించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రెండింటికి వేడి, తేమ రాసుకోండి. నా తొట్టిలో తెల్లవారుజామున వేడి 23కు పడిపోతోందని అలా రాసుకోబట్టే తెలిసింది, మూత ఇంకాస్త మూస్తే సరిపోయింది. కానీ నేను ఆ పని చేసింది పిల్ల వచ్చిన నెలకు. మీరు ముందే చేయండి.

తెచ్చిన రోజు ఏమీ తినలేదు. ఏం చేయాలి?

ప్రయాణం బడలిక అది. గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, తీసుకెళ్లి మట్టికుండ ముందు వదలండి. లోపలికి వెళ్లి పొట్టులో దూరుతుంది. కత్తిరించిన గరిక, ఒక మందార పువ్వు కుండ గుమ్మం దగ్గర పెట్టి, గదిలోంచి బయటికి వచ్చేయండి. చుట్టుపక్కల వాళ్లను వారం ఆగి రమ్మనండి. మా పిల్ల రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు పొద్దున చూస్తే పువ్వులో ఒక రేకుకు అర్ధచంద్రాకారంలో, చిటికెన వేలి గోరంత కొరుకు ఉంది.